తువ్వాలు లేని గంట

ఎంతసేపు చేశామన్నది కాదు, ఎలా చేశామన్నదే ముఖ్యం అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట అనేవాళ్ళకి చిన్నప్పుడు కావలసినంత సమయం ఉండే ఉంటుంది. నాకు లేదు. గంటసేపు సాధన కోసం నేను పడ్డ పాట్లు ఎవరికి చెప్పినా నవ్వుతారు.

డెబ్బైల చివర్లో మేం విశాఖపట్నం పోర్టు క్వార్టర్సులో ఉండేవాళ్ళం. గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళ వరస అది. నాన్న రేవులో క్రేను నడిపేవాడు. ఆ వరసలో మగవాళ్ళందరివీ షిఫ్టు పనులే. షిఫ్టు చేసొచ్చి పడుకున్నవాడి ఇంటి తలుపు గొళ్ళేనికి తువ్వాలు వేలాడేది. అది కనిపిస్తే చేపలమ్మే ఆమె నోట్లో కేక నోట్లోనే మింగేసి, నాలుగిళ్ళు దాటాక అరిచేది. పిల్లల్ని కొట్టాలన్నా అమ్మలు పెరట్లోకి లాక్కెళ్ళి కొట్టేవాళ్ళు. ఏ పూట చూసినా ఏదో ఒక తలుపుకి తువ్వాలు ఉండేది.

అలాంటి చోట నేను నాట్యం నేర్చుకున్నాను. పాదం నేలని కొట్టకుండా వచ్చే విద్య కాదు కదా అది!

మా టీచరుగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చినావిడ. భర్తది పోర్టు ఆఫీసులో ఉద్యోగం. ఇంటి వసారాలో చెక్క మీద కర్రతో తాళం వేస్తూ మాకు నేర్పేవారు. ఆ ఏడు జిల్లా పోటీకి ఒక్కరినే పంపుతానన్నారు. నేనో, లేకపోతే ఒక ఆఫీసరుగారి అమ్మాయో. ఆ అమ్మాయి బంగళాలో నున్నటి గచ్చు హాలుండేది. పొద్దునా సాయంత్రం ఎంతసేపు గెంతినా అడిగేవాళ్ళు లేరు.

"మూడో కాలం ఎవరికి తేలితే వాళ్ళే వెళ్తారు. దసరా సెలవుల తర్వాత చూస్తాను" అన్నారు టీచరుగారు. మొదటి కాలంలో ఒక దెబ్బ పడే చోట మూడో కాలంలో నాలుగు పడాలి. నాకు మూడో దెబ్బకే కాళ్ళు తడబడేవి.

వెళ్ళి తీరాలనుకున్నాను. ఇంట్లో కుదరకపోతే సముద్రం ఉందిగా! సెలవుల్లో రోజూ సాయంత్రం అమ్మని కాపలాకి తీసుకుని ఒడ్డుకి వెళ్ళి ఇసకలో సాధన చేశాను. ఎంత తొక్కినా చప్పుడు లేదు, ఎవరి నిద్రా చెడదు. పిక్కలు గట్టిపడ్డాయి. ఆఫీసరుగారి అమ్మాయి పని అయిపోయిందని లోపల ఒకటే మురిపెం.

సెలవులయ్యాక వసారాలో ఆడి చూపించాను. రెండో కాలానికే టీచరుగారి కర్ర ఆగిపోయింది.

"ఎక్కడ చేశావే ఈ సాధన?"

చెప్పాను.

"ఇసకలో దిగబడ్డ కాలిని పైకి లాగడం నేర్చుకున్నావు. అందుకే ప్రతి అడుగూ ఆలస్యం. నేల మీద చప్పుడు వింటూ చెయ్యాలమ్మా. చెవికి తెలియకపోతే కాలికెలా తెలుస్తుంది? ఇంకో నెల ఆగి చూస్తాను. అంతే."

ఏడుస్తూ ఇంటికొచ్చాను. నాన్న సంగతంతా విని, "ఇంట్లోనే కొట్టుకో. నా నిద్దర నాను సూసుకుంతాను" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. కునుకుపట్టిన కళ్ళతో క్రేను నడిపితే కింద మనుషులుంటారని మా ఇళ్ళల్లో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. అలాగని పోటీ వదులుకోవడానికీ మనసొప్పలేదు. మూడు రోజులు గుమ్మంలో కూర్చుని ఎవరి తలుపుకి తువ్వాలు ఎప్పుడు పడుతోందో చూశాను. ఒక్క సందు దొరికింది. పొద్దుటి షిఫ్టువాళ్ళు వెళ్ళిపోయాక, రాత్రి షిఫ్టువాళ్ళు వచ్చి కాళ్ళు కడుక్కుని నడుం వాల్చే లోపల కాస్త సమయం. మహా అయితే పావుగంట.

"పావుగంటకేటవుతాది?" అన్నాడు నాన్న. మర్నాడు డ్యూటీ దిగి వస్తూనే కుళాయి దగ్గర మిగతావాళ్ళని ఆపాడు. "బావా, మా గుంట కాలు ఆగిందాకా ఎవులూ పడుకోకండి. గంటసేపే." గుంటంటే మా వైపు ఆడపిల్ల.

"మరి టీ నీదేనా బావా?"

"నాదే!"

అలా రోజూ పొద్దున్న ఒళ్ళంతా బొగ్గుమసితో, ఎర్రబడ్డ కళ్ళతో నలుగురైదుగురు మగవాళ్ళు మా గుమ్మం ముందు టీ తాగుతూ నిద్ర ఆపుకునేవాళ్ళు. లోపల నేను గచ్చు మీద అడుగులు వేసేదాన్ని. వాళ్ళ ఆవలింతలు వినిపిస్తుంటే ఒక్క నిమిషం వృథా చెయ్యబుద్ధయ్యేది కాదు. నెల తిరిగేసరికి మూడో కాలం తేలింది.

"లెక్క కుదిరింది, నువ్వే వెళ్తున్నావు. కాకపోతే దెబ్బలో ఇంకా బెదురుంది" అన్నారు టీచరుగారు. నిజమే. చిన్నప్పట్నుంచీ మెల్లగా నడిచిన కాళ్ళవి.

పోటీ మధ్యాహ్నం పూట జరిగింది. నాన్న రాత్రి డ్యూటీ దిగి నిద్రపోకుండానే వచ్చాడు. నేను వేదిక ఎక్కేసరికి ముందు వరసలో కుర్చీలోనే తల వాల్చేసి గాఢంగా నిద్రపోతున్నాడు. అమ్మ మోచేత్తో పొడవబోయి ఆగిపోయింది. పడుకున్న మనిషిని లేపడం మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకి చేతకాదు.

నాకు ఉక్రోషం వచ్చింది. ఇంత చేసి నాన్న ఇది చూడకపోతే ఎలా? మొదటి కాలం అయింది, రెండో కాలమూ అయింది, నాన్న కదల్లేదు. మూడో కాలంలో నాకున్న బలమంతా పెట్టి కొట్టాను. చెక్క వేదిక దద్దరిల్లింది. నాన్న ఉలిక్కిపడి లేచి, అటూ ఇటూ చూసి, ఆ తర్వాత చివరిదాకా నా పాదాల మీంచి చూపు తిప్పలేదు.

రెండో బహుమతి వచ్చింది. తిరుగు బస్సులో నాన్న నా వైపు తిరిగి అడిగాడు.

"ఇన్నాళ్ళూ ఇంట్లో నాను ఇన్న సప్పుడు నువ్వు బలం ఆపుకుని కొట్టిందేటే?"

తల ఊపాను.

"రేపట్నుంచి ఆపుకోకు" అన్నాడు నాన్న.

మర్నాడు పొద్దున్న ఆపుకోలేదు.