చేప పెట్టెల విమానం

చెన్నైలో సెలవులు గడపడానికి వెళ్లినప్పుడు ఒక మైదానంలో రిమోట్ విమానాలు ఎగరడం చూసింది ప్రమీల. సముద్రం అవతలి దీవుల్లోని ప్రోతరాపూర్‌లో ఆమె టీచరు, వయసు నలభై దాటింది. తనూ ఎగరేయాలనిపించింది. మోటారు, బ్యాటరీ, రిమోట్ కొనుక్కుని ఓడలో తెచ్చుకుంది. విమానాన్ని మాత్రం, చేపల్ని ఐసులో పెట్టే థర్మకోల్ పెట్టెల మూతలు కోసి తనే చేసింది. ఆ పెట్టెలు తండ్రి పోలిరాజువి. ఏళ్ల తరబడి డుంగీ పడవ మీద చేపల వేట చేసి, మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టున ఉంటున్నాడు.

"ఎగురుతుందంటావా అయ్యా?"

"సూద్దారి. మునిగిపోద్దన్న బయమైతే నేదు గదా."

కోత అయిన పొలంలో పోలిరాజు దాన్ని విసిరాడు. ముక్కు పైకెత్తి, గాల్లో నిలబడి, తోక మీద కూలింది. తోక బరువెక్కువైందని ప్రమీల బ్యాటరీని ముక్కు దగ్గరికి జరిపింది. మరో ఆదివారం చక్కగా లేచింది. వెనక్కి తిరిగి తన వైపు వస్తుంటే మాత్రం చేతులు తడబడ్డాయి. ఎదురొచ్చే విమానం కుడి, మనకి ఎడమ. అది తిన్నగా వెళ్లి కొబ్బరి చెట్టుకి గుద్దుకుంది.

ఇంటికొచ్చాక పోలిరాజు పెరట్లో చేతులు బార్లా చాపాడు. "నానే ఇమానం. తిప్పు."

ఎడం చెయ్యి వంచి కూతురి మీదికి నడిచాడు. ఆమె తప్పుగా తిప్పినప్పుడల్లా పోయి బట్టల తాడుకి తగులుకునేవాడు. పక్కింటి సింహాచలమ్మ కంచె మీంచి చూసి, దీవుల్లో అలవాటైన హిందీలో అడిగింది.

"భయ్యా, తబియత్ ఠీక్ హై నా?"

"ఒంట్లో బాగానే ఉంది దీదీ. దిగడమే కుదర్నేదు."

వారం తిరిగేసరికి ప్రమీలకి కిటుకు చేతికొచ్చింది: ఎదురుగా వస్తున్నప్పుడు ఏ రెక్క వంగితే రిమోట్ మీది పుల్లని అటే నెట్టాలి.

ఆ ఆదివారం విమానం పొలం చుట్టూ తిరిగింది. చేపల వాసనకి కాకులు వెంటపడ్డాయి, వాటి వెనక ఒక గద్ద. పోలిరాజు మోకాళ్లు మరిచి, "హట్, హట్" అంటూ తువ్వాలు విసురుతూ కింద పరిగెత్తాడు. నవ్వుతో కళ్లు మసకబారినా ప్రమీల పుల్ల వదల్లేదు. విమానాన్ని వరి మోళ్ల మీద మెల్లగా దించింది.

"ఇప్పుడు నాకియ్యి," అన్నాడు తండ్రి.

అతని చేతిలో అది ఎక్కువసేపు ఎగరలేదు, కూలింది. రెక్క రెండు ముక్కలైంది. సాయంత్రానికే ఇంకో పెట్టె మూతా కత్తీ ముందేసుకు కూచున్నాడు.

"ముందు సబ్బుతో కడుగుదామయ్యా, కాకులు రాకుండా."

"వద్దమ్మీ, రానీ. ఆటికీ ఆదివారమే గదా."