జీవాల దారి బిల్లు

మడకశిర బస్టాండుకు ఎదురుగా నాకొక జిరాక్సు షాపు ఉంది. అక్కడ నేను కాగితాలు తీసేదానికంటే ఫోన్ చూసేది ఎక్కువని ఇంట్లో అంటారు. నిజమే. రెండున్నరేళ్ల పాటు రోజుకు పదిసార్లు ఒకే పేజీ తెరిచాను. పార్లమెంటులో ఏ బిల్లు ఎంతవరకు వచ్చిందో చెప్పే పేజీ అది. మా బిల్లు పేరు పక్కన ఎప్పుడూ ఒకే మాట: పెండింగ్. షట్టర్ ఎత్తగానే చూసేవాణ్ణి, టీ తాగుతూ మళ్లీ చూసేవాణ్ణి. గంటలో ఢిల్లీలో ఏం మారుతుందయ్యా అని ఇంట్లో నవ్వేవాళ్లు. చెయ్యి ఊరుకునేది కాదు, అంతే. ఆ ధ్యాసలోనే ఒకసారి ఒక కాలేజీ అమ్మాయి సర్టిఫికెట్‌ను తిరగేసి పెట్టి, ఇరవై తెల్ల కాగితాలు బయటికి తీసి, నలుగురిలో చీవాట్లు తిన్నాను.

మా బిల్లు అన్నాను గానీ దానితో మాకే సంబంధమూ లేదు. ఎక్కడో వేరే రాష్ట్రం నుంచి గెలిచిన సభ్యుడొకాయన సొంతంగా పెట్టిన బిల్లు అది. ఊళ్లు దాటి జీవాలు మేపుకునేవాళ్ల పాత దారులను ఎవరూ మూయకూడదని, మూసినవి తెరవాలని అందులో ఉంది. మా నాయనకు కావలసింది సరిగ్గా అదే.

నాయన గొర్రెల కాపరి. మా వైపు గడ్డి ఎండిపోగానే మందను తోలుకుని, రాష్ట్ర సరిహద్దు దాటి నల్లరేగడి చేలకు నడిచిపోయేవాడు. కోత అయిన చేలో మంద పెడితే చేనుకు ఎరువు, జీవాలకు మేత. ఊరు దాటగానే ఆ దారి పెద్ద బీడు మీదుగా పోతుంది. ఆ బీడునంతా సోలార్ పలకల కోసం ఒక కంపెనీ తీసుకుని చుట్టూ ఇనుప కంచె వేసింది. ఇక మిగిలింది లారీలు తిరిగే తారు రోడ్డు. ఆ రోడ్డు మీద తోలిన మొదటి ఏడే మూడు జీవాలు చక్రాల కింద పడ్డాయి. నాయన రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఆ వారమే మందను అమ్మేస్తానని సరిహద్దు అవతలి వ్యాపారి ఒకతనికి మాటిచ్చాడు.

అప్పుడే ఆ బిల్లు సంగతి పేపర్లో, ఒక మూలన, నా కంటబడింది. సభలో ప్రవేశపెట్టారు అని రాశారు. నేను చేసిన తప్పు ఇక్కడే మొదలైంది, కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. మా వైపు సోమవారం అర్జీల రోజు. అర్జీ తీసుకుని, దాని నకలు మీద ముద్ర కొట్టి చేతికిచ్చారంటే సగం పని అయిపోయినట్టే మా వాళ్లకు. ఆ ముద్ర కాగితాన్ని ఇంటికి తెచ్చి దేవుడి పటం వెనక పెట్టుకుంటారు. అలాంటి కాగితాలకు ఎన్ని వందల నకళ్లు తీసుంటానో నాకే తెలియదు. ప్రవేశపెట్టారు అని చదవగానే నాకు ఆ ముద్రే కనబడింది. మధ్యాహ్నమే షట్టర్ దించి ఊరికి పోయాను.

నాయన దొడ్డి దగ్గర కంప సర్దుతున్నాడు.

"నాయనా, జీవాలు అమ్మద్దు. మన దారికి చట్టం వస్తాండాది," అన్నాను.

"ఎవురు చెప్పినారు?"

"పార్లమెంటులో పెట్టేసినారు. నేను చూసినా."

నాయన చేతిలో కంప కింద పడేశాడు. "నువ్వు చదువుకున్నోడివి. నువ్వు చెప్తే సరే," అన్నాడు.

మర్నాడు వ్యాపారి వస్తే మజ్జిగ ఇచ్చి పంపేశాడు. నేను బిల్లు మొదటి పేజీ ప్రింటు తీసి తెచ్చాను. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాన్ని నాయన నాలుగు మడతలు పెట్టి దేవుడి పటం వెనక దాచాడు.

తర్వాత తెలిసింది నాకు. ప్రభుత్వం పెట్టే బిల్లులు వేరు, ఒక సభ్యుడు తనకు తానుగా పెట్టే బిల్లులు వేరు. రెండో రకానికి శుక్రవారం మధ్యాహ్నం నుంచి కాసింత సమయం ఇస్తారు. అందులోనూ చీటీలో పేరు రావాలి. వచ్చినా చట్టం దాకా పోయినవి లేవన్నంత తక్కువ. చట్టాలైన బిల్లుల జాబితా కూడా చదివేవాణ్ణి. కొన్ని పొద్దున వచ్చి సాయంత్రానికల్లా గట్టెక్కేవి. వాటిని చూస్తే కడుపు మండేది. ఇదంతా నాయనకు ఆనాడే చెప్పాల్సింది. చెప్పలేదు. భయం. చదువుకున్నోడివి అన్న ఆ ఒక్క మాట పోతుందని భయం.

నాయన రోజూ సాయంత్రం ఊరి నుంచి ఫోన్ చేసేవాడు. "ఏమాయప్పా?" "పెండింగు నాయనా." ఆ మాట ఆయనకు బాగా పట్టుబడింది. తోటి కాపరులు అడిగితే "పెండింగులో ఉండాది" అని గట్టిగా, ఏదో పదవి వచ్చినంత గట్టిగా చెప్పేవాడట. వింటే నాకు ఎక్కడైనా దూరిపోదామనిపించేది.

ఇంకో సంగతి చెప్పాలి. మా ఇళ్లల్లో జీవాలను నోటితో లెక్కపెట్టరు. పెడితే మంద తగ్గిపోతుందని నమ్మకం. సాయంత్రం నాయన దొడ్డి తడిక ఓరగా తీసి నిలబడతాడు. ఒక్కొక్కటే లోపలికి పోతుంటే మొహాలు చూస్తాడు. ఆఖరుది పోయాక "చెవి తెగింది రాలేదు" అనో, "నల్లదాని పిల్ల రాలేదు" అనో అంటాడు, వెతకడానికి పోతాడు. చిన్నప్పుడు బడిలో కొత్తగా నేర్చిన ఉత్సాహంలో తడిక పక్కన నిలబడి ఒకటి, రెండు అని అరిచినందుకు నా వీపు మీద ఒక్కటి పడింది. ఆయన నోట జీవాల అంకె నేనెన్నడూ వినలేదు.

ఒక చలికాలం సమావేశాల్లో, శుక్రవారం పనుల వరుసలో మా బిల్లు పేరు కనబడింది. పొద్దుటి నుంచి నాకు కాలు నిలవలేదు. షాపు తెరవకుండా ఊరికి పోయాను. నాయన మందను అమ్మకు అప్పజెప్పి వచ్చి, కంబళి పరుచుకుని టీవీ ముందు కూర్చున్నాడు. బూడిదరంగు శాలువా కప్పుకున్న ఆ సభ్యుడు లేచి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయన హిందీ ఒక్క ముక్క మాకు అర్థం కాలేదు. నాయన ఆయన మొహాన్ని, ఆయన వెనకాల ఖాళీ కుర్చీలను మార్చి మార్చి చూస్తున్నాడు.

"తక్కినోళ్లు యాడికి పోయినారు?"

"పొద్దున వచ్చి హాజరు పట్టీలో సంతకాలు పెట్టింటారు నాయనా."

"పొద్దున తోలుకుపోయేటప్పుడు అన్నీ ఉంటాయి. సాయంత్రం దొడ్డికి ఎన్ని వచ్చినాయో అది చూడల్ల."

అంతలో ఇంకొక సభ్యుడు లేచి ఏదో అన్నాడు. గంట మోగడం మొదలైంది. సభ జరగాలంటే పదో వంతు మందైనా లోపల ఉండాలని, ఎవరూ అడగకపోతే తక్కువమందితోనే నడిచిపోతుందని, ఎవరైనా లెక్క అడిగితే మాత్రం గంట కొట్టి చూడాల్సిందేనని నాయనకు చెప్పాను. గంట చాలాసేపు మోగింది. తలుపుల్లోంచి ఇద్దరు ముగ్గురు వచ్చారు. చాలలేదు. సభ వాయిదా వేశారు. శాలువాయన తన కాగితాలు సర్దుకుంటుండగానే తెర మీద వీణ కచేరీ వచ్చింది.

"ఆ లెక్క అడిగినాయప్ప ఎవురు?" అన్నాడు నాయన.

"ఆయన కూడా సభ్యుడే."

"ఆ మందలోవాడేనా?"

"ఆ, మందలోవాడే."

నాయన కంబళి దులిపి భుజాన వేసుకున్నాడు. "సొంత మందను ఎవురన్నా లెక్కపెడతారా," అంటూ బయటికి పోయాడు. లెక్క అడిగిన ఆ మనిషిని నేను వారం రోజులు తిట్టుకున్నాను.

చలి పోయే వేళకు ఆ సభ ఆఖరి సమావేశాలు అయిపోయాయి. ఎన్నికల తర్వాత సభ రద్దవుతుందని, ఇందులో మిగిలిన బిల్లులన్నీ దాంతో చెల్లకుండా పోతాయని పేపర్లో వచ్చింది. చదివి మడిచి బల్ల కింద పడేశాను. సాయంత్రం నాయన అడిగాడు. ఫోన్ తెరిచి చూశాను. పేజీలో ఇంకా పెండింగ్ అనే ఉంది.

"పెండింగు నాయనా," అన్నాను. ఉన్న మాటే చెప్పాను కదా, అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"సరే, వచ్చే ఏటికి దారి తెరుస్తారులే. ఇన్నాళ్లు ఈడనే ఎట్లో సాకినా, ఇంక మేత లేదు. ఈ ఒక్క ఏడు రోడ్డు మీదే తోలుకుపోతా," అన్నాడాయన.

వద్దు అనడానికి నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. మింగేశాను. పది రోజులకు, తెల్లవారుజామున మలుపు దగ్గర, ఒక లారీ మందలోకి దూసుకొచ్చింది. నాయన రోడ్డు వారకు దూకి బతికాడు. చచ్చిన జీవాలను ఆయన ఒక్కొక్కటిగా ఎత్తి గట్టు మీద పెట్టాడట. ఇంటికి వచ్చి వాటి గురించి చెప్పేటప్పుడు కూడా ఎన్ని అనలేదు. ఒక్కొక్కదాని మొహం చెప్పాడు. నేను మాత్రం లోపల లెక్కపెట్టుకున్నాను. తొమ్మిది.

ఎన్నికలయ్యాయి. ఒకరోజు పేజీలో పెండింగ్ తీసేసి కాలం చెల్లింది అనే అర్థమిచ్చే మాట పెట్టారు. అది చూడగానే నాకు మొదట హాయి అనిపించింది, ఇక రోజూ తెరవక్కర్లేదని. అలా అనిపించినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

నేను ఊళ్లో ఉన్నప్పుడే కొత్త సభ్యుల ప్రమాణాలు టీవీలో రెండు రోజులు వచ్చాయి. ఒక్కొక్కరి పేరు పిలుస్తారు, ఒక్కొక్కరే వచ్చి ప్రమాణం చేసి సంతకం పెట్టి పోతారు. నాయన ఆ రెండు రోజులూ టీవీ ముందు నుంచి కదల్లేదు. ఇదేం ముచ్చటరా అని అమ్మ విసుక్కుంది. నేను మాత్రం ఆయన కూర్చున్న తీరును గుర్తుపట్టాను. తడిక దగ్గర నిలబడేటప్పటి చూపే అది. రెండో రోజు సాయంత్రం అంతా అయ్యాక నా వైపు తిరిగాడు.

"శాలువా ఆయప్ప రాలేదు."

"ఓడిపోయినాడు నాయనా."

"మరి మన బిల్లు?"

"పాత సభతోనే పోయింది నాయనా."

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"చలి పోయినప్పటి నుంచి."

నాయన నెలలకు వేళ్లు ముడిచి చూసుకున్నాడు. "అంటే నేను రోడ్డు మీద తోలకముందే," అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదు.

ఆ వారమే నాయన కబురు పెడితే ఆ పాత వ్యాపారే వాహనం తెచ్చాడు. "ఎన్ని ఉండావి అజ్జా?" అని అడిగాడు. నాయన తడిక మీద చెయ్యి వేసి నన్ను పిలిచాడు.

"నువ్వు లెక్కపెట్టు. గట్టిగా."

"నోటితో వద్దు కదా నాయనా."

"చదువుకున్నోడివి కదప్పా. పెట్టు."

తడిక ఓరగా తీశాడు. నేను ఒకటి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. జీవాలు ఒక్కొక్కటే నా ముందు నుంచి పోయి చెక్క మీదుగా వాహనం ఎక్కుతున్నాయి. నాయన వాటిని చూడటం లేదు, నన్నే చూస్తున్నాడు. డెబ్బై నాలుగు దగ్గర దొడ్డి ఖాళీ అయింది.

"అన్నీ వచ్చినాయా?" అని అడిగాడు.

"వచ్చినాయి నాయనా."

ఆయన తడిక మూసి తాడు కట్టాడు.

"తొమ్మిది రాలేదు," అన్నాడు.