విప్పేసిన జడ

తొమ్మిదేళ్లపాటు స్వదేశంలో ఒకటో తరగతి పిల్లల చేత అక్షరాలు దిద్దించి, అరిచి అరిచి గొంతు పాడుచేసుకుని, చివరికి పాఠం ఎలా చెప్పాలో నేర్చుకోవడానికి ఆవిడ పరాయి దేశం వెళ్లింది. ఈ మాట ఎవరో వెక్కిరించి అన్నది కాదు, తనమీద తానే వేసుకున్న జోకు. హాస్టల్లో పక్క గదిలో ఉండే నర్సింగ్ అమ్మాయి ఆవిడకి పంతులమ్మ అని పేరు పెట్టేసింది. "పంతులమ్మగారూ, మీరిలా చదువుతూ పోతే మీ పిల్లలే మీకు టీచర్లయిపోతారండీ" అని ఏడిపించేది.

ఆ దేశంలో టీచర్లు చాలడం లేదట. కోర్సు పాసైతే ఉద్యోగం ఖాయం, ఉద్యోగం వస్తే కూతుర్ని తెచ్చుకోవచ్చు. పంతులమ్మ ఇన్ని తిప్పలు పడుతున్నది ఆ ఒక్క ముక్క కోసమే. కూతురికి ఆరేళ్లు. భర్త లారీ మీద ఊళ్లు తిరిగే మనిషి, ఇంటిపట్టున ఉండేది తక్కువ. అందుకని పిల్లని అన్నగారింట్లో ఉంచి వచ్చింది. చదువంతా అయిపోయి, ఇప్పుడు ఒక బడిలో రెండో తరగతికి ట్రైనింగు టీచరుగా కుదిరింది. ఈ టర్ము చివర క్లాసు టీచరు, హెడ్ మేడమ్ సంతకం పెడితే గట్టెక్కినట్టే.

ఆ క్లాసులో కిటికీ పక్కన ఒక పిల్ల కూర్చునేది. ఎవరితోనూ మాట్లాడదు, అడిగితే తల దించుకుంటుంది. జుట్టు చూస్తే పిచ్చుక గూడు. నడినెత్తిన కాస్త నీళ్లు రాసి అణిచినట్టుండేది గానీ, వెనక జడ మాత్రం చిక్కులు పడి, రేగిపోయి, ఎన్నాళ్ల కిందట వేశారో తెలియకుండా ఉండేది. పంతులమ్మ ఆ పిల్లకి మనసులో పిచ్చుక అని పేరు పెట్టుకుంది. ఈ తల్లికి పిల్ల జుట్టు దువ్వే తీరిక కూడా లేదు కాబోలు అని రోజుకొకసారైనా అనుకునేది. అనుకుని ఊరుకుంటే ఏ గొడవా లేకపోయేది.

ఒక ఆదివారం వీడియోలో కూతురు కనబడింది. పొడవాటి జుట్టు లేదు. చెవుల దాకా కత్తిరించేశారు.

"ఏం చెయ్యమంటావు చెప్పు," అంది వదిన, అడగకముందే. "పొద్దున్నే మావాణ్ణీ దీన్నీ తయారుచేసి నేను డ్యూటీకి పరిగెత్తాలి. జడ వేద్దామంటే ఒక్క చోట నిలబడదు. నాకు రెండు చేతులేగా ఉన్నది!"

"మంచి పని చేశావు వదినా. దానికీ హాయి, నీకూ హాయి," అంది పంతులమ్మ.

ఫోను పెట్టేశాక మంచం మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. వదిన మీద కోపం కాదు. తన పిల్లని కనిపెట్టుకుని చూస్తున్న మనిషి మీద కోపం ఎలా తెచ్చుకుంటుంది? ఆ జడ వెయ్యాల్సిన చేతులు ఇక్కడ ఊరికే పడి ఉన్నాయి కదా అని ఏడుపు.

మర్నాడు బళ్లో ఆటల వేళకి వాన పట్టుకుంది. పిల్లలంతా గదిలోనే గోల చేస్తున్నారు. క్లాసు టీచరు కాఫీకి వెళ్లింది. పిచ్చుక మామూలుగానే కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చుంది. పాత బళ్లో పంతులమ్మ టేబులు సొరుగులో ఎప్పుడూ ఒక దువ్వెన ఉండేది. జుట్టు విరబోసుకొచ్చిన పిల్లని పిలిచి, ఒళ్లోకి లాక్కుని, నాలుగు చీవాట్లు పెడుతూ జడ వేసి పంపేది. తల్లులెవరూ తప్పు పట్టలేదు సరికదా, కొందరు కావాలనే అలా పంపేవారు.

ఇక్కడ పిల్లల్ని అడగకుండా ముట్టుకోకూడదని కాలేజీలో మొదటి రోజే చెప్పారు. అందుకని అడిగింది కూడా.

"జడ వెయ్యనా తల్లీ?"

పిచ్చుక పలకలేదు. పలకకపోతే సరేనన్నట్టే అనుకోవడం పంతులమ్మకి అలవాటు. వెనక కూర్చుని రబ్బరుబ్యాండు లాగేసింది, పాయల్లోకి వేళ్లు దూర్చి జడ విప్పేసింది. చిక్కు తీస్తున్నంతసేపూ ఆవిడ ప్రాణం ఎక్కడో ఉంది. చేతికింద ఉన్నది ఎవరి తలో కూడా కాసేపు మరిచిపోయింది. చక్కగా పాపిడి తీసి, రెండు జడలు వేసి, "కిటికీ అద్దంలో చూసుకో, ఎంత ముద్దొస్తున్నావో!" అంది.

పిచ్చుక అద్దంలో చూసుకుంది. చెయ్యి వెనక్కి పోనిచ్చి తడుముకుంది. ఆ తర్వాత లేచి వెళ్లి, కొక్కేనికున్న తన వానకోటు తొడుక్కుని, టోపీ తలమీదికి లాక్కుని మళ్లీ వచ్చి కూర్చుంది. సాయంత్రం దాకా తియ్యలేదు.

కాఫీ తాగి వచ్చిన క్లాసు టీచరు ఆ టోపీ కిందనుంచి వేలాడుతున్న రెండు జడలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడ తిట్టినా గుసగుసగానే తిడుతుంది. పంతులమ్మని వరండాలోకి తీసుకెళ్లి చెప్పింది.

"వాళ్లమ్మ ఆస్పత్రికి వెళ్లే రోజు పొద్దున వేసిన జడ అది. ఆవిడ మళ్లీ ఇంటికి రాలేదు. ఆ పిల్ల ఆ జడ మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వడం లేదు. ఇంటి సంగతులు ట్రైనీలకి చెప్పకూడదు, అందుకే నీకు చెప్పలేదు."

ఆ వెంటనే పంతులమ్మని హెడ్ మేడమ్ గదికి తీసుకెళ్లింది.

హెడ్ మేడమ్ ఒకటే మాట అంది. "రేపు తండ్రి వస్తాడు. ఆయన ఫిర్యాదు చేస్తే నీ ట్రైనింగు ఇక్కడితో ఆగిపోతుంది. నేనేమీ చెయ్యలేను."

ఆ సాయంత్రమంతా పంతులమ్మ ఆ దేశపు భాషలో క్షమాపణ బట్టీపట్టింది. నర్సింగ్ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టి అప్పజెప్పింది. పిచ్చుక గుర్తొచ్చిన ప్రతిసారీ ఆ వెనకే తన కూతురు వచ్చేది. ఇంకో ఏడాది, కాదు, అసలు ఎప్పటికీ తెచ్చుకోలేనేమో అనిపించేది. నిజం చెప్పాలంటే ఆ పూట ఆవిడ భయమంతా సొంత పిల్ల గురించే. తల్లి కదా, ఏం అంటాం.

మర్నాడు తండ్రి వచ్చాడు. బస్సు డ్రైవరు, యూనిఫాంలోనే ఉన్నాడు. పక్కన పిచ్చుక, జుట్టు విరబోసుకుని. పంతులమ్మ బట్టీపట్టిందంతా గడగడా చెప్పేసింది, మధ్యలో రెండు మాటలు తడబడింది. ఆయన పూర్తిగా విన్నాడు.

"నేను ఫిర్యాదు చెయ్యడానికి రాలేదమ్మా," అన్నాడు. "ఎన్నాళ్లుంటుంది ఆ జడ. ఎప్పుడో ఒకప్పుడు ఊడిపోయేదే. నేను విప్పలేకపోయాను, అంతే."

హెడ్ మేడమ్ ఊపిరి పీల్చుకుంది. పంతులమ్మకి ఒక్కసారి కళ్లముందు విమానాశ్రయం కనబడింది, చిన్న సంచీ పట్టుకుని కూతురు. బతికిపోయానురా దేవుడా అనుకుంది.

"ఒక్క సాయం చెయ్యాలి," అన్నాడాయన. "వాళ్లమ్మ ఆ జడ ఎలా అల్లేదో నాకు తెలీదు. ఎప్పుడూ గమనించలేదు. రాత్రి యూట్యూబు చూసి ప్రయత్నించాను, ఇది కాదంటుంది. విప్పింది మీరు కదా. ఎలా ఉందో మీకు తెలిసే ఉంటుంది. మళ్లీ అలాగే వెయ్యమని అడుగుతోంది."

పిచ్చుక అప్పటికే వచ్చి, పంతులమ్మకి వీపు పెట్టి నిలబడింది.

పంతులమ్మ ఆ జుట్టు చేతుల్లోకి తీసుకుంది. మూడు పాయలు కావు, ఎక్కువే. నాలుగా, అయిదా? కుడివైపు నుంచి మొదలైందా, ఎడమ నుంచా? అంతకుమించి ఏమీ గుర్తు రాలేదు. చూసి విప్పలేదు ఆవిడ. సొంత కూతురి తల మీద ఉన్నట్టు, కళ్లు ఎక్కడో పెట్టుకుని విప్పేసింది. నాలుగు పాయలతో అల్లింది.

పిల్ల చెయ్యి వెనక్కి పెట్టి పైనుంచి కింది దాకా తడిమింది. "ఇది కాదు."

విప్పి, అయిదు పాయలతో అల్లింది. పిల్ల మళ్లీ తడిమింది. తల అడ్డంగా ఊపింది. మరోసారి విప్పేసరికి పంతులమ్మ చేతుల్లోంచి పాయలు జారిపోయాయి. కళ్లనీళ్లు ఆ పిల్ల మెడ మీద పడ్డాయి. ఎలాగోలా చివరిదాకా అల్లి బ్యాండు వేసింది.

పిచ్చుక ఈసారి తడుముకోలేదు. ఇటు తిరిగి పంతులమ్మ మొహంలోకి చూసింది.

"ఇదే టీచర్," అంది. "అమ్మ వేసింది ఇలాగే ఉండేది. ఇంక ఏడవకండి."