ఆమె చేతి కోసం వెతికిన చెయ్యి

నా భార్య కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి పైదాకా కాలిపోయింది. కాలింది నా వల్ల. ఆ మచ్చ మొత్తాన్ని కప్పేసేలా ఒక పచ్చబొట్టు పొడిపించాలని, అందుకు తగిన మనిషి కోసం దాదాపు రెండేండ్లు తిరిగాను. తిరిగినన్నాళ్ళూ ఆమె కోసమే తిరుగుతున్నానని నలుగురికీ చెప్పాను, నాకూ చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ చెయ్యి నా కంటికి కనబడకూడదు, అంతే.

ఎనభైల మొదట్లో బళ్ళారిలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. నేను ఇనుప ఖనిజం తవ్వించే ఒక కంపెనీ ఆఫీసులో టైపిస్టును. ఆమె మిషన్ బడిలో మూడో తరగతికి టీచరు. ఆమె వాళ్ళూ మేమూ తాతల కాలం నుంచి మిషన్ సంఘాల వాళ్ళమే. ఇంట్లో ఒక కిరసనాయిలు పంపు స్టవ్ ఉండేది. దాని వాషరు పోయిందని, నూనె కారుతోందని ఆమె నెల రోజులుగా చెబుతూనే ఉంది. బజారుకు పోయినప్పుడల్లా మర్చిపోయేవాణ్ణి. మర్చిపోయానంటున్నాను గానీ, పేకాట దగ్గరికి పోవడం మాత్రం ఏ రోజూ మరవలేదు.

ఒక ఆదివారం ఆరాధనకు ఆలస్యమవుతోందని కాఫీ కోసం తొందరపెట్టాను. మంట పడిపోతోంది. పిన్ను పెట్టి చూస్తాను, ఆగమన్నది ఆమె. నేను ఆగలేదు. ఆమెను పక్కకు జరిపి, కూర్చుని బలం కొద్దీ పంపు కొట్టాను. నూనె చిమ్మి మంట ఒక్కసారిగా మనిషెత్తు లేచింది. నేను వెనక్కి దూకాను. ఆమె కొంగు, రవిక చెయ్యి అంటుకున్నాయి. నేను వాకిలి దాటి పరిగెత్తాను. వీధి మలుపు దాకా పోయి ఆగాను. పక్కింటి ఆమె కేక విని వచ్చి, గోనెపట్టా చుట్టి మంట ఆర్పింది.

నేను తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు పదిమంది ఉన్నారు. యాడికి పోయినావప్పా అని ఎవరో అడిగారు. నీళ్ళకు అన్నాను. నా చేతిలో బిందె లేదు. కొళాయి మా పెరట్లోనే ఉంది. ఆ గందరగోళంలో అది ఎవరికీ తట్టలేదు.

ఆసుపత్రికి ఒక కానిస్టేబులు వచ్చి మంచం పక్కన కూర్చుని రాసుకున్నాడు. పెళ్ళయిన ఆడమనిషి కాలి వస్తే ఆ రోజుల్లో రాసుకోవడం మామూలే. మీ ఆయన అప్పుడు యాడుండాడమ్మా అని అడిగాడు. నేను నోరు తెరవకముందే ఆమె, ఆయన నీళ్ళకు పోయినాడు అని చెప్పింది. నా అబద్ధానికి ఆమె మాట తోడయ్యాక అదే నిజమైపోయింది. నోళ్ళు మారేసరికి, నీళ్ళు పోసి మంట ఆర్పింది కూడా నేనే అయ్యాను. ఆదోని నుంచి వచ్చిన మా అత్త నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఆ రోజు నుంచి భోజనం ముందు చేసే ప్రార్థనలో, నా బిడ్డను మంటలోంచి కాపాడిన అల్లుణ్ణి ఇచ్చినందుకు స్తోత్రం అని ఒక మాట కలిపేది. ఆమె ముగించాక నేను ఆమెన్ అనేవాణ్ణి.

గాయం మానింది. చర్మం ముడుచుకుని, గట్లు గట్లుగా, కొన్ని చోట్ల తెల్లగా, కొన్ని చోట్ల ఎర్రగా మిగిలింది. ఆమె నిండు చేతుల రవికలు కుట్టించుకుంది. బళ్ళారి ఎండలో, మే నెలలో కూడా అవే. పిల్లలు భయపడతారని బడిలో మణికట్టు దగ్గర పిన్నీసు పెట్టుకునేది. ఇంట్లో ఆ బాధ లేదు గనక చేతులు పైకి మడుచుకునేది. అప్పుడు నేను చూపు తిప్పుకునేవాణ్ణి. భోజనానికి ఆమె ఎడమవైపు కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. ఆమె అది గమనించిందని నాకు తెలుసు. ఒకరోజు నా కంచం తనకు కుడివైపు పెట్టింది. ఆకలి లేదని లేచిపోయాను.

మా కంపెనీ ఖనిజం జపానుకు పోయేది. సరుకు చూడటానికి ఏడాదికోసారి అక్కడి నుంచి మనుషులు వచ్చేవాళ్ళు. అలా వచ్చిన ఒకాయన ఆఫీసులో క్యాలెండర్లు పంచాడు. వాళ్ళ పాతకాలపు బొమ్మలు అందులో. ఒక నెల బొమ్మలో ఒక మనిషి నీళ్ళలో నిలబడి ఉన్నాడు. ఒంటి మీద పూలపూల చొక్కా తొడుక్కున్నాడనుకున్నాను. ఆ జపానాయన తన ముంజేతిని గిల్లి, చొక్కా కాదు, చర్మం అని చెప్పాడు. నాకొచ్చిన ఇంగ్లీషు, ఆయనకొచ్చిన ఇంగ్లీషు కలిపితే ఇద్దరికీ చాలలేదు. అయినా అడిగి అడిగి చెప్పించుకున్నాను. భుజం నుంచి మణికట్టు దాకా చెయ్యంతా ఒకే బొమ్మ. ఎదురీదే చేప ఉంటుంది, పూలు ఉంటాయి, వాటి వెనక ఖాళీ లేకుండా అలలో మబ్బులో నల్లగా పరుచుకుని ఉంటాయి. ఈ మధ్య మిషన్లతో కూడా వేస్తున్నారట. వేయించుకోవడానికి ఏండ్లు పడుతుందట, వేసేవాణ్ణి వెతకడానికి అంతకంటే ఎక్కువ పడుతుందట. అతను ఇదివరకు వేసినవి, పుండు మానిన తర్వాత ఎలా ఉన్నాయో చూడాలి. ఆ తర్వాత కూడా ఒప్పుకునేదీ లేనిదీ అతని ఇష్టం. చివర్లో ఆయన కొంచెం ఇబ్బందిగా, మా దేశంలో మర్యాదస్తులు వేయించుకోరు, రౌడీలు వేయించుకుంటారు అన్నాడు. ఈ చివరి మాట ఇంట్లో చెప్పలేదు.

ఆ బొమ్మను చూసిన కొద్దీ నా బుర్రలో ఒక ఆలోచన కుదురుకుంది. ఆమె చేతి మీది గట్లు అలల్లాగే ఉన్నాయి. వాటి మీదే అలలు గీస్తే మచ్చ మచ్చగా మిగలదు, నీళ్ళయిపోతుంది. ఎంత తెలివైన ఆలోచన అని మురిసిపోయాను. ఆ కాగితం చించి తెచ్చి ఆమె ముందు పరిచాను. ఆమె చాలాసేపు చూసి, బాగుండాది అన్నది. బొమ్మ బాగుందన్నదో, ఆలోచన బాగుందన్నదో నేను అడగలేదు.

మా ఊళ్ళో పచ్చబొట్టంటే నుదుటి మీద చుక్క, చేతి మీద తేలు, మొగుడి పేరు. చెయ్యి నిండా బొమ్మ వేసేవాళ్ళు ఎవరున్నారని అడగని చోటు లేదు. సైన్‌బోర్డులు రాసే ఒకాయన, గోడకైతే రాస్తా, మనిషికి రాయను పొమ్మన్నాడు. చివరికి ఒక లారీ డ్రైవరు, సండూరు తాలూకాలోని చోరనూరు సంతకు మిషనుతో పచ్చబొట్టు వేసే మనిషి వస్తాడని చెప్పాడు. సెలవు పెట్టి పోయాను. అతను గోడ నీడలో లారీ బ్యాటరీ ఒకటి పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన అట్ట మీద తేళ్ళు, త్రిశూలాలు, బాణం గుచ్చిన గుండెలు. నా కాగితం తీసుకుని ఇటూ అటూ తిప్పి చూశాడు. ఎంతసేపు పడుతుందని అడిగితే, అర్ధగంట సాబ్ అన్నాడు. ఏండ్లు పట్టే పనని విన్నవాణ్ణి ఆ మాటకే లేచి రావలసింది. రాలేదు. ముందు నా చేతి మీద చేప ఒక్కటి వెయ్యి, చూస్తానన్నాను.

అతను వేసింది చేప కాదు. ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆఫీసులో మామిడికాయ అన్నారు. చెయ్యి వాచి, చీము పట్టి, వారం రోజులు జ్వరం. ఆమె వేడినీళ్ళతో కడిగి కట్టు కట్టేది. మొదటిసారి కట్టు విప్పినప్పుడు తేరిపార చూసి, "ఇది చేపనా? మా మూడో తరగతి పిల్లోళ్ళు దీనికంటే బాగా వేస్తారు" అని నవ్వింది. కాలిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. కాలిన చేత్తోనే నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆ చేతిని అంత దగ్గరగా చూడగలిగే అవకాశం నాకు మళ్ళీ రాలేదు. నేను దూది వైపు చూస్తూ కూర్చున్నాను.

సంఘంలో పాస్టరు అయ్యగారి కంట అది పడింది. ఒంటి మీద గుర్తులు వేయించుకోకూడదని బైబిలు వాక్యంలో ఉందని, టైపిస్టు చదువు చదివినవాడివి నీకిది తగునా అని మందలించారు. అప్పటి నుంచి నేనూ నిండు చేతుల చొక్కాలు తొడుక్కున్నాను. గుడిలో ఇద్దరం ఒకే బల్ల మీద, ఆ ఉడుకులో, మణికట్ల దాకా కప్పుకుని కూర్చునేవాళ్ళం.

అంతటితో మానుకోవచ్చు. మానలేదు. మిషనువాడు కాదు, చెయ్యి తిరిగిన మనిషి కావాలని పట్టుబట్టాను. బజారులో పాత బట్టల వ్యాపారం చేసే ఒకామె ముంజేతుల మీద తీగలు తీగలుగా పచ్చబొట్లుండేవి. ముప్పై ఏండ్ల నాటివట, ఒక్క గీత చెదరలేదు. ఎవరు పొడిచారని అడిగితే, కప్పగల్లులో ఒక అవ్వ ఉంది, ఇప్పుడు ముసలిదైపోయిందిగానీ చెయ్యి వణకదు అని చెప్పింది. మానిన తర్వాత చూడాలన్న జపానాయన మాట గుర్తొచ్చింది. సరైన మనిషి దొరికిందని పొంగిపోయాను. ఒక శనివారం బడి ఒంటిపూట అయ్యాక నా భార్యను బస్సెక్కించి కప్పగల్లుకు తీసుకుపోయాను. దారి పొడవునా ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది.

అవ్వ ఇంటి అరుగు మీద ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వక్కాకు నములుతూ కూర్చున్నారు. ఒక చిప్పలో దీపం మసి, ఆకు పసరు కలిపి నూరిన ముద్ద. నాలుగు సూదులు కలిపి దారంతో కట్టినవి పక్కన. నేను కాగితం పరిచి అలలు ఎక్కడ మొదలవ్వాలో, చేప ఎక్కడికి రావాలో వేలితో చూపిస్తూ చెప్పుకుపోయాను. అవ్వ కాగితం చూడనే లేదు. నా భార్య రవిక చెయ్యి తనే పైకి జరిపి, కండ్లు మూసుకుని, ఆ గట్ల మీద బొటనవేలు పైనుంచి కిందికి నడిపింది. అంత నెమ్మదిగా ఆ చేతిని ఎవరూ ముట్టుకోవడం నేను చూడలేదు. పుట్టు చర్మం రంగు పట్టుకుంటుంది, కాలి వచ్చిన చర్మం పట్టుకోదు, పారిపోతుంది, నల్లగా మరకై కూర్చుంటుందని చెప్పింది. అయినా కావాలంటే మంచి చర్మం ఉన్న చోట్ల నాలుగు చుక్కలు పొడుస్తాను, నొప్పి మాత్రం మామూలుగా ఉండదన్నది.

సరే, అంతవరకే పొడువమన్నాను.

"ఈ చెయ్యి ఎవరిదప్పా?" అన్నది అవ్వ.

"నా భార్యది."

"మరి నువ్వేమిటికి మాట్లాడతాండావు?"

అవ్వకు ఒక కట్టడి ఉందని అప్పుడు తెలిసింది. ఎవరి చెయ్యో వాళ్ళు తమ నోటితో పొడువు అని చెబితేగాని సూది ఆనించదు. ఏడ్చే పిల్లల చేత కూడా ఆ మాట చెప్పించుకునే మొదలుపెడుతుందట. అవ్వ నా భార్య వైపు తిరిగి, పొడువనా తల్లీ అని అడిగింది.

నా భార్య రవిక చెయ్యి కిందికి జరుపుకుంది. తర్వాత, "నాకు వద్దవ్వా. ఈయన చూడలేకపోతాండాడు. అందుకని వచ్చినా" అన్నది.

"అట్లయితే ఈయప్పను కండ్లకు గుడ్డ కట్టుకొమ్మను" అన్నది అవ్వ. "నీ చెయ్యికి నేనేమిటికి కట్టాల?"

అరుగు మీది ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చెయ్యాలో తోచక నవ్వాను. అవ్వ సూదుల కట్టను గుడ్డలో చుట్టి పక్కన పెట్టేసింది.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. ఇంకో మనిషిని వెతుకుతాననీ, బొంబాయిలో ఉంటారనీ ఏదో చెప్పబోయాను. ఆమె నా మాట మధ్యలోనే ఆపింది.

"బొమ్మ వద్దు. నాకేమన్నా చెయ్యాలనుంటే ఒకటి చెయ్యి. మా అమ్మకు నువ్వే చెప్పు."

"ఏం చెప్పాల?" అన్నాను. తెలిసీ అడిగాను.

"నీళ్ళకు పోలేదని. ఆ పొద్దు నువ్వు భయపడినావు, ఎవురైనా భయపడతారు, దానికి నాకు కోపం లేదు. కానీ ఆదోనికి పోయినప్పుడల్లా మా అమ్మ నీ పేరున స్తోత్రం చెప్తాంటే, నేను కండ్లు మూసుకుని వినాల. అది నా చేత కావడంలేదు."

చెబుతానన్నాను. నిజంగానే చెప్పాలనుకున్నాను. ఆ ఏడు క్రిస్మస్ పండక్కి ఆదోనికి పోయాం, ఇంటినిండా చుట్టాలున్నారని ఊరుకున్నాను. తర్వాత ఒకసారి అత్త ఒక్కతే ఉంది. ముసలిమనిషి, ఇప్పుడెందుకు బాధపెట్టడం అనుకున్నాను. ప్రతిసారీ తిరుగు బస్సులో నా భార్య ఒకసారి నా మొహం చూసి, తల తిప్పుకునేది. అలా ఏండ్లు గడిచాయి. బొమ్మ మాట నేనెత్తలేదు. ఆమె నిండు చేతుల రవికలు మానేసి మామూలువే తొడుక్కోసాగింది. బడిలో పిల్లలు రెండు రోజులు చూసి మర్చిపోయారట.

తొంభైల మధ్యలో అత్త మంచాన పడింది. మమ్మల్నిద్దరినీ పిలిపించింది. నన్ను దగ్గరగా కూర్చోమని తల మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టింది. అదే మాట వచ్చింది, మంటలోంచి కాపాడిన అల్లుడు. నా భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె కండ్లు మూసుకోలేదు. నా వైపే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, ఇంకా ఆశ ఉంది. ప్రార్థన అయిపోయింది. గదిలో మేం ముగ్గురమే. నేను నోరు తెరిచాను.

"మాత్ర వేసుకున్నావా అత్తా?" అన్నాను.

"వేసుకున్నా నాయనా" అన్నది ఆమె.

తల ఎత్తి చూసేసరికి తలుపు దగ్గర ఎవరూ లేరు. రెండు రోజులకు అత్త పోయింది. సమాధి దగ్గర సంఘ పెద్ద ఒకాయన, కూతురి ప్రాణం కాపాడిన అల్లుడంటూ నన్ను నలుగురిలో మెచ్చుకున్నాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. దుఃఖమనుకున్నారు.

ఆ తర్వాత నా భార్య నాతో పోట్లాడిందీ లేదు, విడిచి పోయిందీ లేదు. వేళకు వండుతుంది, జ్వరమొస్తే కషాయం కాస్తుంది. తన పడక మాత్రం ముందు గదిలోకి మార్చుకుంది. ఏదైనా అవసరం వస్తే తనే చేసుకుంటుంది, నన్ను అడగదు. ఇప్పుడు ఆ చేతిని ఎంతసేపైనా చూడగలను. చూసినా ఆమెకు ఒకటే, చూడకపోయినా ఒకటే.

పోయిన వారం ఇదంతా కాగితం మీద పెట్టి ఆమెకు ఇచ్చాను. కండ్లద్దాలు పెట్టుకుని, పిల్లల నోటుపుస్తకం దిద్దినట్టు, మొదటి నుంచి చివరి దాకా చదివింది. మడిచి తిరిగి ఇచ్చింది.

"మా అమ్మకు చదువు రాదు గదా" అన్నది.