ఒక్క తోట ద్రాక్ష

ఈ చలికాలం పత్తి అమ్మడానికి ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లుకు పోయాను. విదేశం తిరిగొచ్చిన మిల్లు సేటు నాకు టీ గ్లాసులో పినో నువార్ అనే ఎర్ర ద్రాక్ష వైన్ పోశాడు.

"చలిదేశంల ఒక్క తోట పండ్లే తాతా! పక్క తోటవి కలపరు. సీసా మీద తోట పేరు సుత రాసిండ్రు."

అడవిరేగు లాంటి పరికిపండు పులుపు, చివర తడిమట్టి వాసన. బాగుంది. గుటక దిగకముందే కిటికీలోంచి చూశాను. పుచ్చుపత్తి ఏరేసి విడిగా తెచ్చిన నా పత్తిని హమాలీలు అందరి గుట్టలో కలిపేస్తున్నారు.

"నా చేను పత్తిని గట్లెందుకు కలుపుతుండ్రు సేటూ?"

"పత్తికి రుచుంటదానే?" అని నవ్వాడు.

ఒళ్లు మండింది. నలభై ఏళ్లు దున్నిన ఆ చేనుకూ ఒక పేరుంది. ఏ మిల్లులోనూ ఎవరూ అడగలేదు. సగం గ్లాసు అక్కడే పెట్టి, ఖాళీ బస్తాలు మడుచుకుని బస్సెక్కాను.