నాగాయలంక స్విచ్‌కు గట్టి తాళం

బందరులో కుర్చీలోంచి లేవకుండానే నాగాయలంకలో రొయ్యల ప్లాంటు మొత్తాన్ని చీకటి చేసిన ఘనత నాది. మీరు నవ్వండి, నాకిప్పుడు అలవాటైపోయింది.

అప్పట్లో నేను ఒక రొయ్యల కంపెనీ బందరు ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాణ్ణి. నాగాయలంక ప్లాంటులో కంప్యూటర్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్ ఒకటుంది. బందరు నుంచే దానిలోకి లాగిన్ అయ్యేవాణ్ణి. కాకపోతే ఆ పాత పద్ధతిలో పాస్‌వర్డ్ గాజు సీసాలో బిస్కెట్టులా దారినపోయేవాడికల్లా కనబడుతుంది. ఈ సంగతి మా యజమాని చెవిన పడింది.

"గట్టి తాళం పెట్టవయ్యా" అన్నారు.

అలాంటి పని స్విచ్ పక్కన కూర్చుని చేయాలి. కానీ బయట ఎండ, బస్సులో జనం. ఇక్కడి నుంచే కానిచ్చేద్దామనుకున్నాను. కొత్త పద్ధతి తప్ప ఇంకేదీ ఒప్పుకోవద్దని స్విచ్‌కు ఆజ్ఞ ఇచ్చి, నా ప్రతిభ చూసుకుందామని బయటికొచ్చి మళ్ళీ లాగిన్ అవబోయాను. రానివ్వలేదు. కొత్త పద్ధతికి కావలసిన యూజర్ పేరూ పాస్‌వర్డూ పెట్టడం మర్చిపోయాను మరి.

అదృష్టవశాత్తూ చేసిన మార్పు సేవ్ చేయడం కూడా మర్చిపోయాను. స్విచ్ ఒకసారి ఆపి వేస్తే అన్నీ మామూలైపోతాయి. ప్లాంటు ఆఫీసు చూసే మంగతాయారు గారికి ఫోన్ చేశాను.

"ఆ స్విచ్ ఒక్కసారి ఆపి, మళ్ళీ వేయండి."

"ఏ స్విచ్చండీ?"

"గోడకుంటుంది చూడండి, అదేనండీ."

"పెద్దదాండీ? లారీకి లోడింగ్ జరుగుతోంది మరి."

"ఏం కాదండీ, నాదీ పూచీ."

ఠక్కుమని చప్పుడైంది. తర్వాత దూరంగా ఎవరివో కేకలు.

"ఆపానండీ. ప్లాంటంతా చీకటైపోయింది. కంప్రెసర్ కూడా ఆగింది."

"అక్కడ చిన్న పెట్టెలో పచ్చ లైట్లుంటాయి, అవి ఆరాయాండీ?"

"లేదండీ, అవొక్కటే వెలుగుతున్నాయి."

స్విచ్‌కు యూపీఎస్ పెట్టించింది నేనే. కరెంటు పోయినా అది మాత్రం ఆగకూడదని.

మెయిన్ మళ్ళీ వేస్తే దీపాలొచ్చాయి గానీ, కంప్రెసర్ అలిగిన అల్లుడిలా కదల్లేదు. మంగతాయారు గారు ఊళ్ళో దొరికిన ఐసంతా తెప్పించి రొయ్యల మీద కప్పించారు. మా యజమాని నన్ను కార్లో ఎక్కించుకున్నారు. అవనిగడ్డ దాటాక ఒకే మాట అన్నారు.

"తాళం పెట్టమన్నాను గానీ, నిన్ను నువ్వే బయట పెట్టుకోమన్నానా?"

మేము వెళ్ళేసరికి మెకానిక్ కంప్రెసర్‌ను తిప్పేశాడు. రొయ్యలు బతికిపోయాయి, అంటే చచ్చినా చెడిపోలేదు. నేను స్విచ్ వైరు పీకి పెట్టి, పక్కనే కూర్చుని, యూజర్ పేరు దగ్గర్నుంచీ అన్నీ వరసగా పెట్టాను. ఫోన్ నెట్‌తో బయటి నుంచి లాగిన్ అయి చూపించాను.

యజమాని మొహం కాస్త విచ్చుకుంది. "ఇక ఎక్కడి నుంచైనా పనవుతుందా?"

"భేషుగ్గా అవుతుందండీ."

"నాగాయలంకలో కూర్చుని బందరు ఆఫీసు స్విచ్ కూడా చూసుకోవచ్చా?"

"ఓ, నిక్షేపంలా."

"అయితే ఇక్కడే ఉండు. మంగతాయారు గారూ, ఇతనికి గది చూడండి."

ఆ గదిలో కూర్చునే ఇది రాస్తున్నాను. కిటికీలోంచి రొయ్యల వాసన వస్తుండగా, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. కొత్త దారిలో నడిచి చూడందే పాత దారి మూయను. అంతకన్నా ముఖ్యంగా, యజమాని రెండో ప్రశ్న వినందే మొదటిదానికి జవాబు చెప్పను.