ఆకాశం వంక చూసిన డ్రిల్లు మాస్టారు

గోడ మీద రంగుల బొమ్మ కనిపిస్తే చాలు, పాఠం వింటున్నట్టు నిలబడిపోయే రోజులవి. అరవయ్యో దశకం మొదట్లో, నరసరావుపేటలో బోర్డులు రాసే మా మేనమామ దగ్గర పనికి కుదిరాను. ఇరవై ఏళ్ళు నిండాయి. మీసం కన్నా గర్వం ముందు పెరిగింది. మామ నేర్పే పని నా కంటికి ఆనేది కాదు. నా అసలు గురువులు సినిమా పోస్టర్లు. స్టేషను దారిలో కొత్త పోస్టరు అంటించగానే, మైదా జిగురు ఇంకా కారుతుండగానే, నోటుపుస్తకంతో ఎదురుగా నిలబడి పెన్సిలు అడ్డం పెట్టి మొహాలు కొలిచేవాణ్ణి. ("ఏందిరా, ఆయనకి చొక్కా కుడతావా?" అని అడిగాడు పోస్టర్లు అంటించే తాత.) అట్లా కొలిచి కొలిచి కొన్ని సూత్రాలు కనిపెట్టాను. మంచివాడి బుగ్గ గులాబీ రంగు, నీడ నీలం. గొప్పవాడెవడూ మన వంక చూడడు, పై మూలకే చూస్తాడు. కింద కుడి మూలన ఒక ఆడమనిషి ఏడుస్తూ ఉండాలి, లేకపోతే పోస్టరుకు బరువు రాదు.

ఇంతలో మా వీధి డ్రిల్లు మాస్టారు పోయారు. ఆదివారం చర్చి ఆవరణలో జ్ఞాపకార్థ కూడిక. ఆయన భార్యను అందరం మాస్టారమ్మ అనేవాళ్ళం. ఆవిడ గుడ్డలో చుట్టి ఒక ఫోటో తెచ్చింది. బడి పిల్లలందరితో తీయించుకున్నది. అందులో మాస్టారి మొహం కందిగింజంత.

"ఇదొక్కటే ఉంది నాయనా. పెద్దగా వేసియ్యి. కూడిక అయినాక ఇంట్లో పెట్టుకుంటా. నాకు ఆయన మొహం కనపడాల, అంతే" అంది.

మామ వినుకొండలో పని మీద ఉన్నాడు కాబట్టి ఆ భారం నా మీద పడింది. (పడిందనడం అబద్ధం, నేనే లాక్కున్నాను.)

మూడు రోజులు రేకు మీద వేశాను. శనివారం ఆవిడ చూడటానికి వచ్చేసరికి మాస్టారికి గులాబీ బుగ్గలు, బట్టతల మీద నీలం మెరుపు వచ్చాయి. పై మూల నుంచి ఏదో ప్రమాదం దిగుతున్నట్టు అటే చూస్తున్నారు. కింద కుడి మూలన, సూత్రం ప్రకారం, చింతగింజలంత కన్నీళ్ళతో ఒక ఆడమనిషి. ఆ మొహం కోసం ఎక్కడా వెతకలేదు, మాస్టారమ్మనే వేశాను. ఆవిడ రేకు దగ్గరికొచ్చి చూసి, వెనక్కి జరిగి మళ్ళీ చూసింది. మెచ్చుకోవడానికి మాటలు దొరకడం లేదనుకున్నాను.

"ఆ మూలన ఏడుస్తుంది నేనేనా?"

"అవునమ్మా. బరువు కోసం."

"సరే. ఆయనేంది నాయనా, నా వంక చూట్టం లేదు? ఎంత కోపమొచ్చినా నా మొహం చూసే మాట్టాడేవాడు. ఇప్పుడు తల తిప్పుకున్నాడేంది?"

చానా గొప్పదనుకున్న నా పనితనం చూసి నాకే సిగ్గేసింది. ఆ మూడు రోజుల్లో ఫోటో వంక చూసింది తక్కువ, నోటుపుస్తకం వంక చూసింది ఎక్కువ. కిరసనాయిలు గుడ్డతో మాస్టారి కళ్ళు తుడిచేశాను, బుగ్గలు తుడిచాను, మూలనున్న ఆవిణ్ణీ తుడిచేశాను. మాస్టారమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆవిడ చెబుతుంటే నేను వేశాను.

"ఎడమ కన్ను కాస్త చిన్నది. అంత కాదు. కనుబొమ్మ మీద గాటుంటది, బంతి తగిలింది. చూపు తిన్నగా ఉండాల. ఎదటోడు గుండీ పెట్టుకోలేదని చెప్పబోతున్నట్టు."

పొద్దు వాలేసరికి మాస్టారు రేకులోంచి సూటిగా చూశారు. ఆవిడ లేచి పమిట సవరించుకుంది.

"వచ్చాడు" అంది.

కూడికకు ఆయన దగ్గర చదివినవాళ్ళు మాచర్ల నుంచి, గురజాల నుంచి కూడా వచ్చారు. గుమాస్తాలు, కండక్టర్లు, పిల్లల తండ్రులు. బొమ్మ ముందు పూలు పెట్టడానికి వచ్చిన ప్రతివాడూ ఆ చూపు తగలగానే ఆగి, మెడ కింద గుండీ పెట్టుకుని, మడమలు కలిపి నిలబడ్డాడు. ఎవరూ చెప్పలేదు. వరస కూడా తప్పలేదు. ముందు కూర్చున్న మాస్టారమ్మ అది చూసి, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు. ఆ తర్వాతే ఏడ్చింది. నా వంతు వచ్చినప్పుడు, ఆ కళ్ళు వేసినవాణ్ణయి ఉండి కూడా, చేతులు పక్కలకు ఆనించి నిటారుగా నిలబడ్డాను. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే మడమలు వాటంతటవే కలుస్తాయి. నడుము ఒక్కటే మాట వినడం లేదు.